నిప్పులేని పొగాకు

పోయిన వారం గ్యాస్ స్టేషన్‌లో నా ముందు నిలబడ్డ మనిషి కౌంటర్ వెనక గోడకేసి వేలు చూపించాడు. అమ్మే ఆవిడ గుండ్రటి చిన్న డబ్బా తీసి ఇచ్చింది. అతను థాంక్స్ చెప్పినప్పుడు పైపెదవి కింద, ఎడమ పక్కన, కొంచెం ఉబ్బుగా కనబడింది. మామూలు వాళ్ళు దాన్ని పట్టించుకోరు. చిగురు వాచిందేమో అనుకుంటారు, లేదా అసలేమీ అనుకోరు. నాకు మాత్రం ఇన్నేళ్ళ తర్వాత కూడా నోట్లో నీళ్ళూరాయి. భయం వేసింది. కొనడానికి తెచ్చిన పాలు కౌంటర్ మీదే వదిలేసి, బయటికొచ్చి కారులో కూర్చున్నాను.

అలాంటి ఉబ్బుతోనే పదేళ్ళపాటు దేవుడి పాటలు పాడిన మనిషి ఒకాయన ఉండేవారు. పేరు రాయను. ఆయన ఇంటివాళ్ళు ఇంకా ఇక్కడే, మిషిగన్‌లోనే ఉన్నారు. నేను ఆయన్ని అన్నగారూ అనేవాణ్ణి. ఆయన భార్యను అక్కా అనేవాణ్ణి. అన్నగారి భార్య అక్క ఎలా అవుతుందని అడగకండి. ఈ దేశంలో చుట్టరికాలు ఎవరి వీలును బట్టి వాళ్ళం కలుపుకున్నాం. పైగా ఆవిడే చెప్పింది, "నాకు తమ్ముళ్ళు లేరు, వదినా అనకు, అక్కా అను" అని.

డెబ్బై ఎనిమిది చలికాలంలో నేను ఫార్మింగ్టన్ హిల్స్‌లో అపార్ట్‌మెంట్ తీసుకుని, కారు తలుపులు చేసే ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే పనికి చేరాను. ఆయన అక్కడ పెయింట్ సెక్షన్‌లో ఇంజనీరు. మొదటిరోజే వెతుక్కుంటూ వచ్చి నా టేబుల్ పక్కన నిలబడ్డారు. "ఏ ఊరు బావూ?" అన్నారు. శ్రీకాకుళం వైపు బాబూ అనడానికి బావూ అంటారు. గుంటూరు అన్నాను. "అయితే పొగాకోళ్ళే" అని నవ్వారు. నవ్వుతున్నప్పుడు పళ్ళు కనబడనివ్వలేదు. ఒక చేత్తో నోరు అడ్డం పెట్టుకుని, కొత్త పెళ్ళికూతురిలా నవ్వారు. ఇంత పెద్ద మనిషికి ఈ సిగ్గేమిటా అనుకున్నాను.

ఆయనకు మీసం లేదు. అయినా మాటిమాటికీ మీసం దువ్వుకున్నట్టు చూపుడువేలితో పైపెదవిని నొక్కుకునేవారు. మీటింగుల్లో తెల్లవాళ్ళు సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తుంటే ఈయన రుమాలుతో ముక్కు మూసుకుని కిటికీ పక్కకు జరిగేవారు. వాళ్ళ క్రైస్తవ సంఘంలో పొగతాగడం పాపం. ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో తెలుగు ప్రార్థన కూటం జరిగేది, పది పన్నెండు కుటుంబాలు వచ్చేవి. నేను హిందువునే అయినా తప్పకుండా వెళ్ళేవాణ్ణి. మాంసం కూర కోసమే వెళ్ళేవాణ్ణని చెబితే సగం నిజం. మిగతా సగం ఆయన గొంతు. మైకు లేదు, హార్మోనియం లేదు. ఆయన లేచి నిలబడి కీర్తన ఎత్తుకుంటే, పక్కనే ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు చప్పుడు కూడా వినబడేది కాదు. ఆ గొంతు విన్నవాళ్ళం ఆ తర్వాత మళ్ళీ అలాంటిది వినలేదు.

మేమిద్దరం ఒక కారులోనే పనికి వెళ్ళేవాళ్ళం. ఒకరోజు మంచులో ట్రాఫిక్ ఆగిపోయింది. ఆయన జేబులోంచి గుండ్రటి డబ్బా తీసి, మూత మీద గోటితో రెండుసార్లు కొట్టి, తెరిచారు. లోపల తడి మట్టిలాంటిది ఉంది. పెంటకుప్పలాగా, ఉప్పుచేపలాగా వాసన. చిటికెడు తీసి, మూడు వేళ్ళ మధ్య రేగ్గింజంత ఉండ చేసి, పైపెదవి కింద దోపుకున్నారు. అప్పుడు అర్థమైంది ఆ సిగ్గు నవ్వు సంగతి.

"పొగాకా అన్నగారూ?"

"స్నుస్ అంటారు. స్వీడన్‌ది. నిప్పు లేదు, పొగ లేదు, పాపం లేదు."

ఈ మూడు మాటలూ ఆయన నోట ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను.

ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో స్వీడన్ సంతతి ముసలాయన ఒకాయన పనిచేసేవాడు. వాళ్ళ తాత ఉత్తర మిషిగన్ గనుల్లో కూలీ. గనిలో రెండు చేతులకీ పని ఉంటుంది కాబట్టి అక్కడివాళ్ళంతా దీన్ని పెదవి కింద పెట్టుకునేవారట. మా పెయింట్ సెక్షన్‌లో అగ్గిపుల్ల గీస్తే ఉద్యోగం పోతుంది. ముసలాయన పోయి పోయి అన్నగారికి ఒక చిటికెడు ఇచ్చాడు. ఉమ్మక్కర్లేదు, నమలక్కర్లేదు, ఎవరికీ తెలియదు.

"అయినా పొగాకే కదా" అన్నాను.

ఆయన వైపర్ల వేగం పెంచారు. తర్వాత, ఆఫీసులో ఒకటి రెండు మాటలకు మించి బయటపడని యాసలో మాట్లాడటం మొదలెట్టారు.

"మా అమ్మ అడ్డపొగ కాల్సేది బావూ. తెలుసా అడ్డపొగంటే?"

నాకు తెలియదు. గుంటూరులో పొగాకు పండిస్తాం, అమ్ముతాం, కాలుస్తాం. అడ్డపొగ మాత్రం వినలేదు.

"సుట్ట ఎలిగించి నిప్పు కొస నోట్లో ఎట్టేసుకుంటారు ఆడోళ్ళు. నోరు మూసేస్తారు. సముద్రం గాలికి ఆరదు, సేతులు రెండూ కాళీ. సేపలమ్మినా, నాట్లేసినా సుట్ట లోపలే."

"కాలదా?"

"తడి ఉంటాది కదేటి. అలవాటు." పెదవి నొక్కుకున్నారు. "అంగిట్లో తెల్లగా పాల మీగడలాగ వొచ్చింది. ఆ తరవాత ఎర్రగా. ఆ తరవాత గంజి కూడా దిగలేదు. నాకప్పుడు పదహారేళ్ళు. ఊరోళ్ళంతా పొగాకుని తిట్టేవోరు. నాను సైన్సు సదువుకున్నోణ్ణి, నాకు తెలీదేటి? రోజుకి పదిసార్లు అంగిట్లో నిప్పెట్టుకుంటే ఏ కండ బతుకుతాది? నిప్పు సంపేసింది బావూ మా అమ్మని. ఆకు కాదు."

ట్రాఫిక్ కదిలింది. ఆయన మళ్ళీ ఇంజనీరు తెలుగులోకి వచ్చి, ఆ రోజు రావాల్సిన రంగు డ్రమ్ముల గురించి మాట్లాడారు. తల్లి చావుకి ఒక్కడే కూర్చుని కారణం తేల్చుకున్న పదహారేళ్ళ కుర్రాడి తీర్పు అది. నలభై దాటాక కూడా ఆయన దాన్ని తిరగదోడలేదు. నేను కూడా తిరగదోడమని అడగలేదు, ఎందుకంటే వినడానికి బాగుంది. నిప్పే కదా కాల్చేది!

నా వంతు ఆ వారంలోనే వచ్చింది. లంచ్ టైమ్‌లో పార్కింగ్‌లో, కారులోనే నేర్పారు. "నంజుకున్నట్టు కాదు బావూ. సప్పరించకు, నమలకు. పెట్టి మర్చిపో." పెట్టాను. మర్చిపోవడం ఎక్కడ, ముందు వెక్కిళ్ళు, తర్వాత చెమట, ఆ పైన కారు గిర్రున తిరిగింది. తలుపు తెరిచి మంచులో కక్కేశాను. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, రుమాలు ఇచ్చారు. "మొదటిసారి అందరికీ ఇంతే. మూడోసారికి నువ్వే అడుగుతావు."

మూడోసారికి నేనే అడిగాను.

నాలాగా ఇంకో నలుగురు తెలుగువాళ్ళకు అలవాటు చేశారు ఆయన. సిగరెట్లు మాన్పించి దీంట్లో దించి, ఏదో పుణ్యకార్యం చేసినట్టు పొంగిపోయేవారు. మాలో ఒక కొంటెవాడు దాన్ని "అన్నగారి ప్రసాదం" అంటే మాత్రం మొహం ముడుచుకునేవారు. స్నుస్‌ను చల్లగా ఉంచాలి, లేకపోతే ఎండిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టడానికి లేదు, ఎందుకంటే అక్క నర్సు. పెద్దాసుపత్రిలో పనిచేస్తుంది, డబ్బా మూత చూసినా పట్టేస్తుంది. అందుకని సరుకంతా నా ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె వెనక ఉండేది. శనివారం పొద్దున్న లైబ్రరీకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి వచ్చేవారు. "సల్లగా ఉందా బావూ?" అంటూ చెప్పులు విప్పకుండానే ఫ్రిజ్ దగ్గరికి నడిచేవారు. నాకు అందులో ఒక గర్వం ఉండేది. ఆయన భార్యకు తెలియనిది నాకు తెలుసు, అదీ గర్వం. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఎనభై రెండులో టూల్ రూమ్ ముసలాయన రిటైరై ఉత్తరానికి వెళ్ళిపోయాడు. అతని ద్వారా వచ్చే స్వీడన్ సరుకు ఆగిపోయింది. అన్నగారు రెండు రోజులు మనిషిలా లేరు. రంగు తేడా వచ్చిందని ఒక పనివాడి మీద అరిచారు, ఆ తర్వాత వెళ్ళి క్షమాపణ చెప్పారు. మూడోరోజు గ్యాస్ స్టేషన్‌లో దొరికే ఇక్కడి సరుకు కొన్నారు. అది వేరు. నల్లగా, సన్నగా, పుదీనా ఘాటుతో పెదవి మండిపోయేది. ఇక్కడివాళ్ళు దాన్ని కింది పెదవిలో పెట్టుకుని కప్పులో ఉమ్ముతారు. ఈయన పాత పద్ధతిలోనే పైన పెట్టుకుని, ఊరిందంతా మింగేవారు. కొన్నాళ్ళకు అది చిన్న చిన్న గుడ్డ సంచుల్లో కూడా వచ్చింది, నేను వాటికి మారాను. ఆయన మారలేదు. "అదే బావూ, ఊరు మారింది అంతే" అనేవారు. నిద్రలో కూడా నోట్లో ఉంచుకుంటున్నానని ఒకసారి చెప్పారు, గొప్పగా చెప్పుకున్నట్టు.

ఎనభై నాలుగు, ఆకులు రాలుతున్న రోజులు. ఫ్యాక్టరీ పార్కింగ్‌లో కారు ఆపి, దిగకుండా, అద్దం తనవైపు తిప్పుకుని ఆయన పైపెదవి ఎత్తి చూసుకున్నారు. నేను పక్క సీట్లో ఉన్నానని మర్చిపోయినట్టున్నారు. చిగురు పైన చర్మం నీళ్ళలో నానిన వేలిలా తెల్లగా ముడతలు పడి ఉంది. దాని మధ్యలో ఎర్రగా, బొటనవేలి గోరంత పుండు.

తెలుపు, తర్వాత ఎరుపు. వరస నాకు తెలుసు, ఆయనే చెప్పారు. 

"అన్నగారూ, అక్కకి చూపించండి."

"సూపిస్తే ఏటవుతాది?"

"మందు ఇస్తుంది."

"డబ్బా లాగేస్తాది" అన్నారు.

"మీ అమ్మగారికి కూడా ఇలాగే..."

"మా అమ్మది నిప్పు." ఆయన నామీద గొంతు పెంచడం అదే మొదటిసారి. "ఇదేటి? ఉప్పు ఒరిపిడి. పక్క మారిస్తే మానిపోతాది." అద్దం సరిచేసి, నావైపు తిరిగి చెయ్యి చాపారు. "అక్కకి సెప్పనని ఒట్టెయ్యి."

"మీరు ఒట్లు వెయ్యకూడదంటారు కదా?"

"మేం వెయ్యకూడదు బావూ. నువ్వు వెయ్యొచ్చు."

నవ్వొచ్చింది. అంత భయంలోనూ నవ్వుతూ ఆ చేతిలో చెయ్యి వేశాను. దేవుడికి భయపడి తను వెయ్యని ఒట్టు నాచేత వేయించారు. నేనూ ఏమీ అనుకోకుండా వేశాను. పాప భయం అనేది ఇద్దరిలో ఎవరికీ అడ్డం రాలేదు.

ఆయన ఉండ పెట్టుకోవడం కుడిపక్కకు మార్చారు. ఎడమపక్క మానలేదు.

ఆ మరుసటి ఏడు వేసవిలో ఒక ఆదివారం, ప్రార్థన వాళ్ళింట్లోనే పెట్టుకున్నారు. కింద బేస్‌మెంట్‌లో కుర్చీలు సర్దుతున్నారు. నేను వంటింట్లోకి మంచినీళ్ళకి వెళితే అక్క గిన్నెలోకి కూర తోడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"తమ్ముడూ, మీ అన్నగారి నోట్లో ఏమన్నా ఉందా?"

"ఏముంటుందక్కా?"

"ఒక పక్కనే నములుతున్నారు. కారం తగ్గించమంటున్నారు. ఈయనేంటి, కారం తగ్గించమనడమేంటి? నోరు తెరవండీ చూస్తాను అంటే జోకులేస్తారు. డ్యూటీలో పదిమంది నోళ్ళు చూసి వస్తాను, ఇంట్లో మనిషి నోరు చూడ్డానికి నాకు లేదు." గరిటె పక్కన పెట్టి నావైపు చూసింది. "నీతో అన్నీ చెప్తారు. నిజం చెప్పు."

"పన్ను పుచ్చిందక్కా. డెంటిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నారు. మీరు కంగారు పడతారని చెప్పలేదు."

అపాయింట్‌మెంట్ సంగతి నాకెవరూ చెప్పలేదు. అది నేను ఆ క్షణంలో అల్లింది. ఒట్టు కోసం అబద్ధమాడానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆమె ఆయన నోరు తెరిపిస్తే ఆ తర్వాత నా నోరు తెరిపిస్తుంది. అప్పటికే నా చిగురు పైన కూడా తెల్లటి మడత ఒకటి మొదలైంది. రోజూ నాలుకతో తడుముకుంటున్నాను. నా డబ్బా కోసం ఆయన నోరు మూశాను.

"హమ్మయ్య" అంది అక్క. వెళ్ళేటప్పుడు నాకు డబ్బాలో కూర కట్టి ఇచ్చింది.

ఆ తర్వాత గొంతు పోవడం మొదలైంది. ఒక్కసారిగా పోలేదు. ముందు ఆయన పై స్థాయికి వెళ్ళడం మానేశారు. తర్వాత ఒక చరణం పాడి మిగతాది ఇతరులకు వదిలేసేవారు. కొన్ని అక్షరాలు పలకడానికి ముందు ఒక్క క్షణం ఆగేవారు. జలుబన్నారు, వయసన్నారు. అందరూ నమ్మారు. నేను వెనక కుర్చీలో కూర్చుని ఆయన ఎన్నిసార్లు ఆగారో లెక్కపెట్టేవాణ్ణి. లెక్కపెట్టి, ఇంటికొచ్చి, ఫ్రిజ్ తెరిచేవాణ్ణి.

ఎనభై ఏడులో డబ్బాల మీద హెచ్చరిక అచ్చువేయడం మొదలైంది, దీనివల్ల నోటి క్యాన్సర్ రావచ్చని. మొదటిసారి అది చూసినప్పుడు ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఇది ఈళ్ళ సరుక్కి బావూ. స్వీడన్ సరుక్కి కాదు."

"మీ చేతిలో ఉన్నది వీళ్ళ సరుకే కదా అన్నగారూ."

 ఆయన కారు తాళంచెవి కొసతో ఆ అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా గీకేశారు. ఎంతో ఓపిగ్గా, రంగు పనిలో మచ్చ దిద్దినట్టు గీకారు. ఆ తర్వాత కొన్న ప్రతి డబ్బాకీ అదే చేసేవారు.

ఆ వేసవిలోనే వాక్యం చదువుతూ దగ్గొచ్చి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. రుమాలు ఎర్రబడింది. ముందు వరసలో కూర్చున్న అక్క లేచి, ఆయన చేతిలోని బైబిలు మూసి పక్కన పెట్టి, అందరి ముందూ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి కారులో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయింది.  క్యాన్సరే, అది దేనివల్ల వచ్చిందో ఒక్క కారణం చెప్పలేమన్నారట డాక్టర్లు, చాలాకాలంగా ఉందని మాత్రం చెప్పారట. ఎడమపక్క పైదవడ, అంగిట్లో కొంత తీసేశారు. ఆ తర్వాత ఆయన ఒక చలికాలం బతికారు.

నేను మొదటిసారి చూడ్డానికి వెళ్ళేసరికి ఆపరేషన్ అయి మూడు వారాలు దాటింది. మధ్యాహ్నం ఎండ మంచం మీద పడుతోంది. మొహంలో సగం కట్లు. ముక్కులోంచి గొట్టం. అక్క డ్యూటీ బట్టల్లోనే ఉంది, తన వార్డులో పని ముగించుకుని వచ్చి ఆయనకు దిండ్లు సర్దుతోంది. నేను రావడానికి ఇన్నాళ్ళెందుకు పట్టిందని ఇద్దరూ అడగలేదు. ధైర్యం చాలక, లిఫ్ట్‌లో ఒక సంచి పెదవి కింద పెట్టుకుని వచ్చాను. నిజం ఇదే, రాయడానికి సిగ్గుగా ఉన్నా.

ఆయన నన్ను చూసి పక్కనున్న కాగితాల పుస్తకం, పెన్సిలు అందుకున్నారు.  పెద్ద పెద్ద అక్షరాలతో రాసి నావైపు తిప్పారు.

"నిప్పు కాదు."

చదివి తల దించుకున్నాను. ఆయన మళ్ళీ రాశారు.

"నువ్వు మానేశావా?"

మానేశానని తల ఊపాను. నోటితో చెబితే సంచి కదులుతుందని నోరు విప్పలేదు.

ఆయన చూపు నా పైపెదవి మీద ఆగింది. ఈ ప్రపంచంలో ఆ ఉబ్బును గుర్తుపట్టగలిగిన మనిషి ఎవరైనా ఉంటే అది ఆయనే. పెన్సిలు కింద పెట్టి, చెయ్యి ఎత్తి, వేలితో నా పైపెదవి వైపు చూపించారు. కానీ చూపు నావైపు లేదు. అక్కవైపు ఉంది.

అక్క ఆ వేలిని చూసింది, నన్ను చూసింది. దిండు వదిలేసి, గోడ మీద పెట్టెలోంచి గ్లవ్స్ లాగి తొడుక్కుని, జేబులోంచి చిన్న టార్చి తీసుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నోరు తెరువు తమ్ముడూ."

తెరిచాను. రెండు వేళ్ళతో నా పెదవి పైకెత్తి, ఆ సంచి తీసి టిష్యూలో పడేసింది. టార్చి వెలుతురు నా చిగురు మీద ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఆయన పుండు సంగతి నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది, గొంతు పెంచకుండా.

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదవి ఆమె వేళ్ళ మధ్య ఉంది కాబట్టి నా మాట ముద్దగా వచ్చింది.

"మూడేళ్ళ నుంచక్కా" అన్నాను.

 ఆమె నా పెదవి వదల్లేదు. టార్చి కొంచెం పక్కకు తిప్పి, కుడివైపు కూడా చూసింది.